మీ వీధి గోడ మీద మీ వీధినే చూపించాలంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్‌లో మీ కాలనీ వీధి మలుపులో ఒక అపార్ట్‌మెంటు పక్కగోడ ఖాళీగా ఉంది. ప్రొజెక్టరు అద్దెకు తెచ్చి, ఆ గోడ మీద మీ వీధి రోజువారీ బతుకును చూపించాలి. దాన్ని వీడియో తీసి పెడితే, పెద్ద తెరల మీద నిజంలా కనిపించి వైరల్ అయిన సోల్ సముద్రపు అల లాగా, టోక్యో పిల్లి లాగా జనంలోకి వెళ్లాలి. ఏం కావాలి, ఎక్కడ చెడుతుంది?

ముందు ఆ అల, ఆ పిల్లి సంగతి తేల్చుకోవాలి. మీకు కావలసింది వాటిలో సగమే. సోల్‌లో కోఎక్స్ దగ్గర 2020లో డిస్ట్రిక్ట్ అనే సంస్థ చూపించిన అల కనిపించింది సుమారు 81 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల ఎత్తున్న ఎల్ఈడీ తెర మీద. ఆ తెర భవనం మూల చుట్టూ తిరిగి ఉంటుంది. పిల్లి కనిపించే తెర, 2021 జూలైలో టోక్యోలో షింజుకు స్టేషన్ తూర్పు వైపు మొదలైన క్రాస్ షింజుకు విజన్, అది కూడా వంపు తిరిగిందే. దాని వైశాల్యం 155 చదరపు మీటర్లకు అటూ ఇటూ. రెండింటిలోనూ ఉన్న కిటుకు ఒకటే. కంప్యూటర్లో భవనాన్ని కొలతల ప్రకారం కట్టి, వీధిలో ఒక చోట మనిషి కంటి ఎత్తులో కెమెరా పెట్టి, అక్కడి నుంచి చూస్తే ఎలా కనబడాలో అలా బొమ్మ గీసి, దాన్ని తెర వంపుకు తగ్గట్టు సాగదీస్తారు. తెర అంచున ఒక ఉత్తుత్తి చట్రం గీసి, పిల్లి తలను ఆ చట్రం దాటిస్తారు. ఆ ఒక్క చోటు నుంచి నాలుగడుగులు పక్కకు జరిగితే బొమ్మ వంకర పోతుంది.

ఇక్కడే వైరల్ వీడియోకూ వీధికీ తేడా మొదలవుతుంది. అక్కడ నిలబడ్డ మనిషికి రెండు కళ్లున్నాయి, తల కదుపుతాడు, నడుస్తాడు. కాబట్టి అది బల్లపరుపు తెరేనని మెదడు పసిగట్టేస్తుంది. ఫోనుకు ఉన్నది ఒకే కన్ను, అదీ కదలకుండా సరైన చోటే నిలబెడతాం. అందుకే ఆ లోతు కంటికంటే వీడియోలోనే ఎక్కువ నిజంగా కనిపిస్తుంది. ఆ అల మొదటి నుంచీ ఫోనుకు నప్పే కళ. ఆ తెరను, ఆ వంపును మీరు ప్రొజెక్టరుతో తీసుకురాలేరు, తీసుకురావాల్సిన పనీ లేదు. చదునైన గోడ మీద అలాంటి ప్రయత్నం చేస్తే గోడకు ఎదురుగా ఒక్క మనిషికి బాగుంటుంది, మిగతా వీధంతటికీ వంకర బొమ్మ మిగులుతుంది.

పిల్లి దగ్గర నేర్చుకోదగ్గది లోతు కాదు, వేళ. ఆ పిల్లి పొద్దున నిద్ర లేస్తుంది, పగలు జనాన్ని చూసి అరుస్తుంది, రాత్రికి కునుకు తీస్తుంది. స్టేషన్‌లోంచి బయటికొచ్చే మనిషి రోజుతో పాటు దాని రోజు కూడా నడుస్తుంది. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో 2012 నుంచి ప్రతి రాత్రి 11:57కి ప్రకటనలు ఆపి, అర్ధరాత్రి దాకా మూడు నిమిషాలు పదుల కొద్దీ తెరల మీద ఒకే కళాకృతి చూపిస్తున్నారు. దాని బలం కూడా ఆ వేళలోనే ఉంది. నగర జీవితాన్ని చూపించే పనికి మొదట కావలసినవి రెండు: సరైన వేళ, మనిషంత కొలత. ల్యూమెన్లు, అంటే ప్రొజెక్టరు ఇచ్చే వెలుగు లెక్క, ఆ తర్వాత.

మీ పనికి దగ్గర చుట్టాలు వేరే ఉన్నాయి. లిథువేనియా కళాకారుడు బెనెడిక్టాస్ గీలిస్ మొదలుపెట్టిన పోర్టల్ ఒకటి. గుండ్రటి తెర, దానికో కెమెరా, అవతలి ఊళ్లో అలాంటిదే ఇంకొకటి. 2021లో విల్నియస్‌ను, పోలండ్‌లోని లుబ్లిన్‌ను కలిపారు. 2024 మే 8న డబ్లిన్‌ను, న్యూయార్క్‌ను కలిపారు. శబ్దం ఉండదు, బొమ్మ మాత్రమే. డబ్లిన్‌లో సాయంత్రమైతే న్యూయార్క్‌లో మధ్యాహ్నం. ఒకరి ఆఫీసు విరామం ఇంకొకరి షాపింగ్ వేళ మీద పడేది. చేయి ఊపడం తప్ప చేసేదేమీ లేదు, అది చాలు. రెండోది బెర్లిన్‌లో 2001 సెప్టెంబరులో కేయాస్ కంప్యూటర్ క్లబ్ అనే హ్యాకర్ల సంఘం చేసిన బ్లింకెన్‌లైట్స్. అలెగ్జాండర్‌ప్లాట్జ్‌లో ఒక భవనం పై ఎనిమిది అంతస్తుల్లో, వరసకు 18 చొప్పున 144 కిటికీల వెనక ఒక్కో దీపం పెట్టి భవనాన్నే తెరగా మార్చారు. దారిన పోయేవాళ్లు సెల్‌ఫోన్ నుంచి ఫోన్ చేసి దాని మీద పాంగ్ ఆట ఆడారు. 144 చుక్కలే, అయినా ఊరు దాన్ని తనదనుకుంది. ప్రొజెక్టరు దొరక్కపోతే మీ అపార్ట్‌మెంటు మెట్ల కిటికీలతోనే ఇలాంటిది చేయొచ్చు. అది వేరే పని, ఇప్పుడు గోడకు వద్దాం.

మీ గోడకు నా సూచన ఇది. ఉదయం 7:30 నుంచి 10 దాకా ఆ గోడ ముందు ఏం నడిచిందో దాన్నే, అదే కొలతలో, రాత్రి 7:30 నుంచి 10 దాకా అదే గోడ మీద వేయండి. డబ్లిన్–న్యూయార్క్ పోర్టల్‌కు ఐదు గంటల తేడా, మీకు పన్నెండు గంటల తేడా. రాత్రి ఏడున్నరకు స్కూలు వ్యాను వస్తుంది, ఎనిమిదిన్నరకు చెత్త ఆటో, తొమ్మిదికి ఆఫీసులకు పరుగులు, తొమ్మిదిన్నరకు కూరగాయల బండి. మధ్యలో ఎవరూ లేని నిమిషాలు కూడా ఉంటాయి. వాటిని కోసేయకండి. ఖాళీ గోడ మీద ఒక కాకి వాలి వెళ్లడం ఎవరో వస్తారని ఎదురుచూసే వీధికి అక్కరకొస్తుంది. యానిమేషన్ అక్కర్లేదు, మనుషుల్ని వెనకనున్న గోడ నుంచి కత్తిరించి తీసే రోటోస్కోపింగ్ అసలే వద్దు. రెండున్నర గంటల ఫుటేజ్‌కు ఆ పని ఇంట్లో కుదరదు, కుదిరినా అంచులు చెదిరి కనిపిస్తాయి.

దీనికి ఒకే ఒక్క నియమం పాటించాలి. రాత్రి ప్రొజెక్టరు ఎక్కడ పెడతారో, ఉదయం కెమెరా సరిగ్గా అక్కడే పెట్టాలి. ప్రొజెక్టరు అంటే తిరగేసిన కెమెరా. కెమెరాలోకి వెలుగు ఏ దారిన వచ్చిందో ప్రొజెక్టరు నుంచి అదే దారిన బయటికెళ్తుంది. చోటు ఒకటే అయితే కోణాలన్నీ వాటంతట అవే కలుస్తాయి. మనిషి కాళ్లు ఉదయం ఫుట్‌పాత్ మీద ఎక్కడ ఆనాయో రాత్రి వెలుగులో అక్కడే ఆనుతాయి. అడుగు పక్కకు పెట్టినా పాదాలు గాలిలో తేలతాయి.

లెక్క చూడండి. మీది 30 అడుగుల రోడ్డు, అంటే 9 మీటర్ల పైచిలుకు. ఎదురింటి మొదటి అంతస్తు బాల్కనీ రోడ్డుకు కాస్త లోపలికుంటుంది కాబట్టి గోడ నుంచి సుమారు 11 మీటర్లు. బొమ్మ 8 మీటర్ల వెడల్పు, 4.5 మీటర్ల ఎత్తు అనుకుంటే త్రో నిష్పత్తి, అంటే దూరానికీ బొమ్మ వెడల్పుకూ ఉన్న నిష్పత్తి, 11ను 8తో భాగిస్తే దాదాపు 1.4. అద్దెకు దొరికే మామూలు లెన్సుల్లో ఇది సులువుగా వస్తుంది. 1920 పిక్సెళ్లను 8 మీటర్లకు పరిస్తే మీటరుకు 240 పిక్సెళ్లు. ఒక్కో చుక్క 4 మిల్లీమీటర్ల పైన. రోడ్డు అవతల నుంచి చూసేవాళ్లకు అది చాలినంత. ఐదున్నర అడుగుల మనిషికి 400 పిక్సెళ్లు వస్తాయి, ముఖం గుర్తుపట్టేలా ఉంటుంది.

గోడకు మీటరు ముందు నడిచే మనిషి గోడ మీద పది శాతం పెద్దగా పడతాడు, అది కంటికి తెలియదు. కానీ కెమెరాకు 4 మీటర్ల దూరంలో, అంటే రోడ్డు ఇవతలి వైపు నడిచినవాడు దాదాపు మూడింతలై రాక్షసుడిలా వస్తాడు. కాబట్టి ఇవతలి అంచు ఫ్రేములోకి రాకుండా చూసుకోండి. అడ్డంగా వెళ్లే ఆటో గోడంతా కమ్మేస్తుంది. దాన్ని ఉండనివ్వండి, వీధిలో జరిగేదీ అదే. లారీ నిలిపి పెట్టిన పది నిమిషాలు మాత్రం తీసేయాల్సిందే.

వెలుగు సంగతి. 6000 ల్యూమెన్ల ప్రొజెక్టరు వెలుగును 36 చదరపు మీటర్ల మీద పరిస్తే 167 లక్స్, అంటే చదరపు మీటరుకు అన్ని ల్యూమెన్లు. గోడ మీద వీధిదీపాల వెలుగు ఎంత పడుతోందో ఫోనులో లైట్ మీటర్ యాప్‌తో చూడండి. ఫోనును గోడకు ఆనించి, ముఖం వీధి వైపు పెట్టి, నాలుగైదు చోట్ల కొలవండి. ప్రొజెక్టరు లక్స్ దీనికి పదింతలుంటే బాగుంటుంది, ఐదింతలకు తగ్గితే నలుపు బూడిదవుతుంది. 15 లక్స్ ఉంటే మీకు 11 రెట్లు, సరిపోతుంది. 40 ఉంటే 4 రెట్లే, అప్పుడు బొమ్మను 5 మీటర్ల వెడల్పుకు తగ్గించుకోవాలి, లేదా కార్పొరేషన్ విద్యుత్ విభాగానికి అర్జీ పెట్టి ఆ ఒక్క దీపాన్ని ఆ గంటలకు ఆపించాలి. మీరే స్తంభమెక్కి గోనెసంచి కట్టకండి. ప్రాణాలు పోయే పని అది.

గోడ రంగు మీద చాలామందికి ఒక పొరపాటు ఉంటుంది. తెల్లసున్నం వేస్తే కాంట్రాస్టు పెరుగుతుందనుకుంటారు. పెరగదు, ఎందుకంటే వీధిదీపం వెలుగు కూడా అంతే పెరుగుతుంది. పెరిగేది మొత్తం ప్రకాశం. పచ్చి సిమెంటు గోడ పడిన వెలుగులో మూడో వంతు కూడా తిరిగివ్వదు, సున్నం వేసిన గోడ ముప్పావు వంతు ఇస్తుంది. మన లెక్కలో సున్నం గోడ మీద తెలుపు 40 నిట్స్ (కంటికి కనిపించే ప్రకాశం కొలత) వస్తుంది. సినిమా హాల్లో తెరకు ప్రమాణం 48. సిమెంటు మీద అదే 16కు పడిపోతుంది. కాబట్టి యజమాని ఒప్పుకుంటే సున్నమే వేయించండి. నిగనిగలాడే పెయింటు వద్దు, ప్రొజెక్టరు వెలుగు మచ్చలా మెరుస్తుంది.

అద్దెకు తెచ్చేటప్పుడు పెట్టె మీద రాసిన ల్యూమెన్లను నమ్మకండి. ప్రమాణం ప్రకారం కొలిచిన ఆన్సి ల్యూమెన్లు లేదా ఐఎస్ఓ ల్యూమెన్లు ఎంతో అడగండి. ఎకో మోడ్‌లో ఉంటే వెలుగు బాగా పడిపోతుంది, ముందే మార్చుకోండి. ప్రొజెక్టరు డీఎల్‌పీ రకమా త్రీఎల్‌సీడీ రకమా అన్నది మీకు ముఖ్యం. సింగిల్ చిప్ డీఎల్‌పీలో రంగుల చక్రం తిరుగుతుంది. కంటికి బాగుంటుంది గానీ ఫోనులో వేగమైన షట్టరుతో తీస్తే రంగుల పట్టీలు పడతాయి. లేజరు దీపమున్న డీఎల్‌పీల్లో కూడా చాలావాటికి చక్రం ఉంటుంది. త్రీఎల్‌సీడీలో చక్రం లేదు. నలుపు కొంచెం తక్కువైనా మీ లాంటి పనికి త్రీఎల్‌సీడీయే తీసుకోమంటాను, మీకు వీడియో కూడా కావాలి కాబట్టి. లెన్స్ షిఫ్ట్, అంటే ప్రొజెక్టరును వంచకుండా బొమ్మను జరిపే ఏర్పాటు, ఉన్నది అడగండి. బొమ్మ వంకరను డిజిటల్‌గా సవరించే కీస్టోన్‌తో సరిచేస్తే పిక్సెళ్లు వృథా అవుతాయి, వెలుగూ పోతుంది.

ఇక ఉదయం షూటింగ్. పడమర ముఖంగా ఉన్న గోడైతే ఉదయమంతా నీడే, మీ అదృష్టం. తూర్పు గోడైతే ఎనిమిదింటికల్లా ఎండ పడి సగం తెల్లగా కాలిపోతుంది. మబ్బు పట్టిన రోజు చూసుకోవాలి. ఫోను మామూలు లెన్సు 26 మిల్లీమీటర్లకు దగ్గరగా ఉంటుంది, 11 మీటర్ల దూరంలో 15 మీటర్ల వెడల్పు చూస్తుంది. మీకు కావలసింది 8. కాబట్టి 4కేలో తీసి మధ్య సగం కోసుకుంటే సరిగ్గా 1920 పిక్సెళ్ల చుట్టుపక్కల వస్తుంది. సెకనుకు 25 ఫ్రేములు పెట్టండి. వీడియోను కుదించే కొత్త కోడెక్‌లో 4కే నిమిషానికి సుమారు 170 ఎంబీ తింటుంది, రెండున్నర గంటలకు 26 జీబీ. ఫోను వేడెక్కి ఆగిపోకుండా కవరు తీసి, నీడలో పెట్టి, పవర్ బ్యాంకు తగిలించండి. ఫ్లైట్ మోడ్ తప్పనిసరి. మధ్యలో కాల్ వస్తే రికార్డింగ్ తెగుతుంది. వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) లాక్ చేయండి, ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు) కూడా లాక్ చేసి ప్రతి అరగంటకూ చేత్తో సవరించండి. ఆటోలో వదిలేస్తే తెల్లచొక్కా వేసుకున్నవాడు నడిచినప్పుడల్లా గోడ చీకటవుతుంది, రాత్రికి అది దీపం మినుకుమినుకుమన్నట్టుంటుంది.

షూటింగుకు ముందే బొమ్మ నాలుగు మూలల్లో గోడ మీద నల్ల టేపుతో చిన్న ప్లస్ గుర్తులు అంటించండి. రాత్రి మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌లో, అది మ్యాడ్‌మ్యాపర్ గానీ రిజల్యూమ్ గానీ, వీడియోలోని నాలుగు గుర్తుల్ని గోడ మీద గుర్తులకు లాగి కలిపితే చాలు. అంచులు కత్తితో కోసినట్టు ఉంటే సినిమా తెరలా కనిపిస్తుంది. నాలుగు వైపులా పది శాతం మెల్లగా చీకట్లోకి కలిసిపోయేలా మాస్కు గీయండి. గోడలో కిటికీలుంటే వాటి మీద నల్ల మాస్కు వేయండి. వాళ్ల పడకగది లోపలికి వెలుగు కొట్టడం అన్యాయం. ఇంకో మాట, మసక సాయంత్రం ప్రొజెక్టరు పెట్టగానే మ్యాపింగ్ చేయొద్దు. ప్రొజెక్టరు వేడెక్కే కొద్దీ లెన్సు కాస్త జరుగుతుంది. అరగంట వెలిగించి ఉంచాక గుర్తులు కలపండి, లేకపోతే తొమ్మిదింటికి మళ్లీ కలపాల్సి వస్తుంది.

కరెంటు. ఈ స్థాయి ప్రొజెక్టరు 500 వాట్ల లోపే తీసుకుంటుంది, చిన్న కంప్యూటరు 100. లోడు సమస్య కాదు, హెచ్చుతగ్గులే సమస్య. ఒక కేవీఏ యూపీఎస్ పెడితే కరెంటు పోయినా ప్రొజెక్టరు ఫ్యాను చల్లబరిచి ఆగడానికి వ్యవధి దొరుకుతుంది. ఇంట్లోంచి లాగే వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్లది, ఎర్తింగ్‌తో ఉండాలి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) మీదుగా రావాలి. కంప్యూటరు కింద, ప్రొజెక్టరు పైన పెట్టి 20 మీటర్ల మామూలు హెచ్‌డీఎంఐ కేబులు లాగితే బొమ్మ మినుకుతుంది, ఒక్కోసారి పోతుంది. కంప్యూటరును ప్రొజెక్టరు పక్కనే పెట్టండి. కుదరకపోతే క్యాట్6 కేబుల్ మీద నడిచే ఎక్స్‌టెండరు వాడండి.

వానలు మొదలయ్యాక చేస్తే ఉసిళ్లు గుర్తుంచుకోండి. తొలకరి పడిన సాయంత్రం అవి వెలుగు దారి పట్టుకుని వేలల్లో వస్తాయి. గోడ మీద తెల్లటి చుక్కల తుఫానులా కనిపిస్తాయి, ఫ్యాను ఫిల్టరులో ఇరుక్కుని ప్రొజెక్టరు వేడెక్కి ఆగిపోతుంది. అలాంటి రోజు గంటసేపు ఆపి ఉంచడమే మందు. వాన కోసం పైన రేకు పెట్టండి గానీ పాలిథిన్‌తో చుట్టేయకండి, గాలి ఆడాలి.

ప్రొజెక్టరు కిరణం రోడ్డు దాటుతుంది. బాల్కనీ ఎత్తు నుంచి కిందికి వస్తుంది కాబట్టి రోడ్డు మధ్యలో మనుషుల తలల పైనే ఉంటుంది, గోడ దగ్గరికొచ్చేసరికి ఒంటి మీద పడుతుంది. బండి నడిపేవాళ్ల కంట్లో పడేలా వీధి పొడవునా ఎప్పుడూ వేయకూడదు. లెన్సు ముందు మీటరు దూరంలోకి పిల్లలు రాకుండా ఒక మనిషి ఉండాలి. ఇక గోడ దగ్గర నడిచేవాళ్ల నీడలు బొమ్మ మీద పడతాయి. ఇది లోపం కాదు, మొత్తం పనిలో ఇదే ఉత్తమం. తోలుబొమ్మలాటలో దీపం తెర వెనక ఉంటుంది కాబట్టి ఆడించేవాడి నీడ ప్రేక్షకుడి నీడతో కలవదు. మీ గోడ దగ్గర రెండూ కలుస్తాయి. పొద్దున తను బస్సు కోసం పరుగెత్తిన చోట, రాత్రి ఒకామె తన బొమ్మ పక్కనే తన నీడతో నిలబడుతుంది. ఈ వీడియోకు ఏ త్రీడీ పిల్లీ సాటి రాదు.

అయితే దీనికున్న ప్రమాదం కూడా అక్కడే ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఎవరు ఎన్నింటికి, ఎవరితో వెళ్లారన్నది ఆ వీధి మొత్తానికి మనిషంత బొమ్మగా కనిపిస్తుంది. ఊరికి తెలియని మనిషి తెర మీద కనిపిస్తే అది కళ. పక్కింటివాళ్లకు తెలిసిన మనిషి కనిపిస్తే అది సాక్ష్యం. అందుకే ఆ రోజుదే ఆ రాత్రి చూపించకండి. వేళ కలిస్తే చాలు, తేదీ కలవక్కర్లేదు. రెండు రోజుల ముందే తెలుగులో, ఉర్దూలో, హిందీలో బోర్డు పెట్టండి: ఫలానా రోజు ఈ గోడ ముందు వీడియో తీస్తున్నాం, మీ బొమ్మ వద్దనుకుంటే ఫలానా నంబరుకు చెప్పండి అని. ఫుటేజ్ మొత్తం ఇద్దరు కూర్చుని చూడాలి, అందులో ఒకరు తప్పనిసరిగా ఆ వీధి మహిళ కావాలి. మగవాళ్లు గమనించని ఇబ్బందులు ఆమెకు కనిపిస్తాయి. పిల్లలుంటే తల్లిదండ్రుల్ని అడగండి. బండి నంబరు ప్లేటు అర మీటరు వెడల్పు అనుకున్నా 120 పిక్సెళ్లు వస్తుంది, హాయిగా చదవొచ్చు, మసక చేయండి. ఇంటి గేట్లు, తాళాలు ఫ్రేములోకి రానివ్వకండి. ఏ ఇల్లు ఎన్నింటికి ఖాళీ అవుతుందో రోజూ చూపించడం దొంగలకు పనికొస్తుంది. ఇస్త్రీ బండి అతను, కూరగాయలామె లాంటి రోజూ ఉండేవాళ్లకు వాళ్ల ముక్కను ఫోనులో ముందే చూపించి అడగండి. వాళ్లు ఒప్పుకుంటే ఆ రాత్రి కుటుంబంతో వచ్చి ముందు నిలబడతారు.

అనుమతులు క్లుప్తంగా. గోడ యజమాని లేదా అసోసియేషన్ నుంచి కాగితం, కార్పొరేషన్ సర్కిల్ ఆఫీసుకు అర్జీ, స్థానిక పోలీస్ స్టేషనుకు, జనం రోడ్డు మీదికి వచ్చేట్టుంటే ట్రాఫిక్ వాళ్లకు కూడా. స్పాన్సరు లోగో పెట్టొద్దు. 2020 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటన బోర్డుల మీద తెచ్చిన నిబంధనల్లో భూమికి 15 అడుగుల పైన ప్రకటనలు కూడవన్నారు. లోగో పడగానే మీ గోడను కూడా ప్రకటనగా చూసే అవకాశం ఉంది. శబ్దం పెడితే రాత్రి పదికి ఆపాల్సిందే, అది చట్టం. నన్నడిగితే స్పీకరే వద్దు. పోర్టల్‌కు శబ్దం లేకపోవడమే మేలు చేసింది.

ఇక బయటికెళ్లే వీడియో. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్, వీధిదీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. ఫోను 30 ఫ్రేముల్లో ఆటో షట్టరుతో తీస్తే గోడ మీద చీకటి పట్టీలు పాకుతాయి. ప్రో మోడ్‌లో షట్టరు 1/50, 25 ఫ్రేములు, ఐఎస్ఓ (ఇక్కడ కెమెరా వెలుగును పట్టే సున్నితత్వం) 400 నుంచి 800 మధ్య. ఐఫోన్‌లో ముందు సెట్టింగ్స్‌లో పాల్ ఫార్మాట్లు చూపించు అన్నది నొక్కితే 25 ఫ్రేములు కనిపిస్తాయి. ఫోకస్, ఎక్స్‌పోజర్ గోడ మీది మనిషి ముఖం మీద నొక్కి పట్టి లాక్ చేసి, ఒక మెట్టు తగ్గించండి. లేకపోతే జనం వీపులు కనిపించడానికి ఫోను వెలుగు పెంచేసి గోడను తెల్లగా కాల్చేస్తుంది.

వేళ: సూర్యాస్తమయమప్పుడు ఆరుబయట 400 లక్స్ దాకా ఉంటుంది, 25 నిమిషాలకు మూడు నాలుగుకు పడిపోతుంది. మన అక్షాంశంలో సంధ్య చప్పున ముగుస్తుంది. ఆ మధ్యలో, సూర్యుడు దిగిన 18వ నిమిషం నుంచి 25వ నిమిషం దాకా ఆకాశం నీలంగా ఉండి గోడ కూడా చదవగలిగేలా ఉంటుంది. మంచి షాటుకు ఆ ఏడు నిమిషాలే. ఎండాకాలంలో అది ఏడు గంటల ప్రాంతం, అంటే ఆ షాటు కోసం గోడను ఏడున్నరకు ముందే వెలిగించాలి. డిసెంబరులో ఆరు గంటల ప్రాంతం. చలికాలంలో చేస్తే ఉదయం ఆరు నుంచే తీసుకుని, సాయంత్రం ఆరింటికే గోడ మొదలుపెట్టొచ్చు. పాల ప్యాకెట్ల కుర్రాడు కూడా దొరుకుతాడు.

నిలువు ఫ్రేములో అడ్డంగా ఉన్న గోడ మొత్తం పట్టాలని ప్రయత్నించకండి, సన్నటి పట్టీలా అయిపోతుంది. ఫుట్‌పాత్ చివర నుంచి ఏటవాలుగా తీయండి. ముందు చూసేవాళ్ల వీపులు, వెనక గోడ, ఆ పైన ఆకాశం రావాలి. 12 నుంచి 20 సెకన్ల ఒకే షాటు, కోతల్లేకుండా. ఎవరైనా తన బొమ్మను గుర్తుపట్టే క్షణం పట్టుకోండి. వీధి శబ్దం ఉంచేయండి. సినిమా పాట పెడితే హక్కుల క్లెయిము రావచ్చు, పైగా ఏ ఊరి గోడైనా ఒకేలా వినిపిస్తుంది. డ్రోను వద్దు. గగనతలం అనుమతులు చూసుకోవాలి, పైగా పై నుంచి చూస్తే మనిషంత కొలత కనిపించదు.

జనంలోకి వెళ్లాక ఏమవుతుందో కూడా ముందే తెలిసి ఉండాలి. డబ్లిన్–న్యూయార్క్ పోర్టల్ తెరిచిన వారంలోపే, మే 14న మూసేయాల్సి వచ్చింది. గంటల తరబడి చేతులూపిన జనం ఎవరి ఫోనులోకీ పెద్దగా రాలేదు. కొందరు వెకిలి చేష్టలు చేసి, అభ్యంతరకరమైన బొమ్మలు చూపించిన ముక్కలే ప్రపంచమంతా తిరిగాయి. ఐదు రోజులకు తెరిచినప్పుడు పని గంటలు పెట్టారు, న్యూయార్క్‌లో ఉదయం 6 నుంచి సాయంత్రం 4, డబ్లిన్‌లో ఉదయం 11 నుంచి రాత్రి 9. ఎవరైనా మెట్టెక్కి కెమెరాకు అడ్డొస్తే రెండు వైపులా బొమ్మ మసకయ్యేలా చేశారు. దండించే నోటీసు కాదు, సరదా తీసేసే ఏర్పాటు. మీ గోడకు కూడా అలాంటిదొకటి ఉండాలి. కంప్యూటరు దగ్గర కూర్చునే మనిషికి ఒక్క మీట నొక్కితే బొమ్మ రెండు సెకన్లలో మెల్లగా ఖాళీ గోడ షాటుకు మారాలి. ఎవరో లెన్సు ముందు చేయి పెట్టి పిచ్చిగీతలు చూపిస్తే, గొడవ పడకుండా ఆ మీట నొక్కి నిమిషం ఆగితే చాలు.

మొదటి రాత్రికి అరగంట ముక్క మాత్రమే వేయండి, వీధివాళ్లు మాత్రమే చూడాలి. ఎవరైనా తమ బొమ్మ తీసేయమంటే ఆ రాత్రే తీసేయండి. మూడో రాత్రి నుంచి పూర్తి నిడివి. వీడియో పెట్టేది ఆ తర్వాతే, కాలనీ పేరు గానీ గుడి, మసీదు, దుకాణం లాంటి గుర్తులు గానీ లేకుండా పెట్టండి. అన్నీ అయ్యాక, ప్రొజెక్టరు ఫ్యాను పూర్తిగా ఆగేదాకా ప్లగ్గు పీకకండి. టేపు గుర్తులు తీసి, సున్నం పెచ్చు లేస్తే అక్కడ పూయండి. ఎంచుకున్న ముక్కలు తప్ప మిగతా 26 జీబీ తుడిచేసి, తుడిచేశామని బోర్డు పెట్టిన చోటే ఇంకో కాగితం అంటించండి.